బార్‌కోడులో గీత లేని అంకె

మోర్సు సంకేతపు చుక్కలను, గీతలను తలపోయుచు, 1948-49 శీతకాలమున అమెరికాలోని మయామీ తీరమున జోసెఫ్ వుడ్‌లాండ్ ఇసుకపై నాలుగు వ్రేళ్లు లాగెను. బెర్నార్డ్ సిల్వర్‌తో కలిసి ఆయన పొందిన పేటెంటు 1952 నాటిది. బార్‌కోడు అంగడికి చేరినది 1974లో!

అప్పటికి జార్జి లారర్ రూపొందించిన పద్ధతిలో అంకెలు 12. ప్రతి అంకెకు ఏడు సమభాగములు; వానిలో రెండు నల్లగీతలు, రెండు ఖాళీలు. ఎడమ అంకెలలో నల్లభాగముల సంఖ్య బేసి, కుడి అంకెలలో సరి. అందుచే గుమాస్తా పొట్లమును తలక్రిందులుగా పట్టినను యంత్రము పోల్చుకొనును.

తరువాత ఐరోపావారికి 13వ అంకె కావలసెను. గీతలు పెంచలేదు, ఎడమనున్న ఆరింటిలో కొన్నిటిని సరిసంఖ్యకు మార్చిరి. ఆ బేసి-సరి వరుసయే కొత్త అంకె! భారతదేశమున జారీయగు సంఖ్యలు 890తో మొదలగును. ఆ 8కి గీతలు లేవు. బేసి, సరి, బేసి, సరి, సరి, బేసి అను వరుసను బట్టి యంత్రము దానిని గ్రహించును.