మౌనం అంగీకారం కాదు: మథుర కేసు నుంచి పోష్ చట్టం దాకా

‘మౌనం అర్ధాంగీకారం’ అనే మాట మనకు పెళ్లిచూపుల్లో సరదాగా వినిపిస్తుంది. అదే మాట న్యాయస్థానంలో తీర్పుగా మారితే ఏమవుతుందో 1978లో దేశం చూసింది. లైంగిక నేరాలపై మన చట్టంలో ఇవాళ కనిపిస్తున్న చాలా మార్పులకు మూలం ఆ ఒక్క తీర్పులో ఉంది. అందుకే ఈ చర్చను అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

1972 మార్చి 26 రాత్రి. మహారాష్ట్రలో అప్పటి చంద్రాపూర్ జిల్లాలోని దేశాయిగంజ్ పోలీసు స్టేషన్. మథుర అనే ఆదివాసీ అమ్మాయిని వాంగ్మూలం కోసం అక్కడికి పిలిపించారు. తల్లిదండ్రులు లేని పిల్ల. వయసు పద్నాలుగు, పదహారేళ్ల మధ్య ఉంటుందని వైద్యుల అంచనా. కూలిపనికి వెళ్లే ఇంటివాళ్ల బంధువుతో ఆమెకు ఏర్పడిన ప్రేమ అన్నకు నచ్చలేదు. చెల్లెల్ని ఎత్తుకుపోయారని ఆయనే ఫిర్యాదు చేశాడు. అందరి వాంగ్మూలాలు తీసుకున్నాక మిగతావాళ్లను పొమ్మని, ఆమెను మాత్రం స్టేషన్‌లో ఆపేశారు. తలుపులు మూసి, దీపాలు ఆర్పి ఒక కానిస్టేబుల్ తనపై అత్యాచారం చేశాడని, మద్యం మత్తులో ఉన్న హెడ్ కానిస్టేబుల్ కూడా అందుకు ప్రయత్నించాడని ఆమె చెప్పింది. ఆ సమయంలో ఆమె బంధువులు స్టేషన్ బయటే నిలబడి ఉన్నారు.

1974లో సెషన్స్ కోర్టు నిందితులను వదిలేసింది. ఆమెకు అంతకుముందే లైంగిక సంబంధం ఉంది కాబట్టి జరిగింది ఇష్టపూర్వకంగానే జరిగి ఉంటుందన్నది ఆ కోర్టు వాదన. బొంబాయి హైకోర్టు నాగ్‌పూర్ బెంచి 1976లో దీన్ని తిప్పికొట్టింది. భయంతో నిస్సహాయంగా లొంగిపోవడం సమ్మతి కాదని చెప్పి కానిస్టేబుల్‌కు ఐదేళ్లు, హెడ్ కానిస్టేబుల్‌కు ఏడాది శిక్ష వేసింది. 1978 సెప్టెంబరులో ‘తుకారాం వర్సెస్ మహారాష్ట్ర’ కేసులో సుప్రీంకోర్టు ఆ శిక్షల్ని రద్దు చేసింది. ఒంటి మీద గాయాలు లేవు కాబట్టి ఆమె ప్రతిఘటించలేదు, కానిస్టేబుల్ చెయ్యి పట్టుకున్నప్పుడే కేకలు వేసి ఉండాల్సింది, చట్టం చెప్పే స్థాయి భయం అక్కడ ఉన్నట్టు రుజువు కాలేదు అని తేల్చింది.

రాత్రిపూట పోలీసు స్టేషన్‌లో, ఇద్దరు పోలీసుల మధ్య, చదువూ ఆసరా లేని ఓ ఆదివాసీ బాలిక ఎలా ప్రవర్తించాలో ఈ తీర్పు నిర్ణయించింది. పోలీసు స్టేషన్ అంటే అలాంటి మనిషికి ఏమిటో మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. లోపం తర్కంలో కాదు, తర్కం మొదలైన చోట ఉంది. ఇద్దరు సమానుల మధ్య జరిగిన వ్యవహారంగా దాన్ని కోర్టు చూసింది.

మరుసటి ఏడాది సెప్టెంబరులో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, వసుధా ధగంవార్ ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. సమ్మతించిన ప్రతిచోటా లొంగుబాటు ఉండొచ్చు కానీ, లొంగిన ప్రతిచోటా సమ్మతి ఉండదన్నది ఆ లేఖ సారం. స్త్రీలను స్టేషన్‌కు పిలిపించడం చట్టవిరుద్ధమని నందినీ శతపథి కేసులో ఇదే కోర్టు అదే ఏడాది చెప్పిందని వాళ్లు గుర్తుచేశారు. మథురను అసలు అక్కడికి ఎందుకు రప్పించారన్న ప్రశ్నే తీర్పులో ఎందుకు రాలేదని అడిగారు. 1980 మార్చి 8న అనేక నగరాల్లో మహిళలు కేసును మళ్లీ విచారించాలని వీధుల్లోకి వచ్చారు. పునర్విచారణ జరగలేదు. చట్టం మాత్రం కదిలింది.

హైదరాబాద్‌కు ఈ చరిత్రతో దూరపు చుట్టరికం కాదు, రక్తసంబంధమే ఉంది. సుప్రీంకోర్టు తీర్పుకు ఆరు నెలల ముందు, 1978 మార్చి చివరలో, రాత్రి సినిమా చూసి భర్తతో తిరిగొస్తున్న రమీజాబీని నల్లకుంట పోలీసులు పట్టుకున్నారు. స్టేషన్‌లో ఆమెపై సామూహిక అత్యాచారం జరిగింది. రిక్షా తొక్కి బతికే ఆమె భర్త పోలీసుల దెబ్బలకు చనిపోయాడు. నగరం భగ్గుమంది. కాల్పులు జరిగాయి. ప్రభుత్వం నియమించిన జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుబట్టి ప్రాసిక్యూట్ చేయాలని చెప్పింది. కమిషన్ ముందు పోలీసుల వాదన ఎంతసేపూ ఆమె శీలం చుట్టే తిరిగింది. ఆమె వేశ్య అని, పెళ్లే చెల్లదని. కేసు కర్ణాటకలోని రాయచూర్‌కు బదిలీ అయ్యింది. అక్కడ 1981లో నిందితులంతా విడుదలయ్యారు. హైదరాబాద్‌లో అదే రోజుల్లో ఏర్పడిన స్త్రీ శక్తి సంఘటన లాంటి బృందాలకు ఈ కేసు తొలి పాఠమైంది.

రెండు కేసుల్లోనూ ఒకే ఆయుధం వాడారు. బాధితురాలి గతం. అది కేవలం డిఫెన్స్ లాయర్ల చాకచక్యం కాదు. 1872 నాటి సాక్ష్య చట్టంలోని 155(4) సెక్షనే ఆ దారి తెరిచి పెట్టింది. అత్యాచారం కేసులో ఫిర్యాదు చేసిన స్త్రీ సాధారణంగా ‘అనైతిక నడవడి’ గలదని చూపించి ఆమె మాట విలువను తగ్గించవచ్చని అందులో ఉంది. ఈ నిబంధన 2002 సవరణ చట్టం వచ్చేదాకా బతికే ఉంది. ఆస్పత్రుల్లో ‘రెండు వేళ్ల పరీక్ష’ ఇంకా ఆలస్యంగా వివాదమైంది. 2013లో సుప్రీంకోర్టు దాన్ని తప్పుపట్టింది. అయినా కొనసాగుతుండటంతో, ఆ పరీక్ష చేసేవారు దుష్ప్రవర్తనకు పాల్పడినట్టేనని 2022 అక్టోబరులో మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

1983లో వచ్చిన క్రిమినల్ లా సవరణ మథుర కేసుకు పార్లమెంటు ఇచ్చిన జవాబు. పోలీసులు, ప్రభుత్వ ఉద్యోగులు, జైలు అధికారులు, ఆస్పత్రి సిబ్బంది తమ అదుపులో ఉన్న స్త్రీపై చేసే అత్యాచారాన్ని ప్రత్యేక నేరంగా చూసి, కనీస శిక్షను పదేళ్లు చేశారు. విచారణ మూసిన గదిలో జరగాలని, బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం నేరమని అన్నారు. వీటన్నిటికంటే పెద్ద మార్పు సాక్ష్య చట్టంలో చేర్చిన 114-ఏ సెక్షన్. ఇలాంటి కేసుల్లో లైంగిక చర్య జరిగిందని రుజువై, తాను సమ్మతించలేదని ఆమె కోర్టులో చెబితే, సమ్మతి లేదనే కోర్టు భావించాలి. ఉందని నిరూపించుకోవాల్సింది నిందితుడే. అధికారం ఎక్కడ ఉందో రుజువు భారం అక్కడికి మారింది.

ఈ సవరణ అధికారాన్ని ఖాకీ దుస్తుల్లో, జైలు గోడల్లో, ఆస్పత్రి వార్డుల్లో చూసింది. ఊరి పెత్తనంలో, కులంలో, జీతమిచ్చే చేతిలో చూడలేదు. ఆ మాట భన్వరీ దేవి కథ చెబుతుంది.

రాజస్థాన్‌లోని భటేరీ గ్రామంలో ఆమె ‘సాథిన్’. మహిళాభివృద్ధి పథకం కింద ప్రభుత్వం నియమించిన గ్రామస్థాయి కార్యకర్త. కులం కుమ్మరి. బాల్యవివాహాలను ఆపడం ఆమె పనిలో భాగం. ఊళ్లో బలమైన గుజ్జర్ కుటుంబంలో ఏడాది నిండని పాపకు పెళ్లి చేయబోతే ఆపే ప్రయత్నం చేసింది. తర్వాత వెలి వేశారు. ఆమె చేసే కుండలు కొనడం మానేశారు. 1992 సెప్టెంబరు 22న పొలంలో భర్తను కొట్టి, అతని ఎదుటే తనపై సామూహిక అత్యాచారం చేశారని ఆమె ఫిర్యాదు చేసింది. వైద్య పరీక్ష రెండు రోజులకు పైగా ఆలస్యమైంది. 1995 నవంబరులో జైపూర్ కోర్టు నిందితులను అత్యాచార ఆరోపణ నుంచి విడుదల చేసింది. అగ్రకులం వాళ్లు తక్కువ కులం స్త్రీని తాకి మైలపడరని, వయసులో పెద్దవాళ్లూ బంధువులూ కలిసి ఇలాంటి పని చేయరని అందులో రాశారు. దళిత, వెనుకబడిన కులాల స్త్రీలపై దాడులు జరిగే ఊళ్లలో పుట్టి పెరిగిన వారెవరికైనా ఈ తర్కం ఎంత విడ్డూరమో తెలుసు. తీర్పుపై అప్పీలు హైకోర్టులో ఏళ్ల తరబడి కదల్లేదు. ఈలోగా నిందితుల్లో కొందరు చనిపోయారు.

నేర విచారణ ఇలా ఆగిపోయిన చోట మహిళా సంఘాలు వేరే ప్రశ్న వేశాయి. ఉద్యోగం చేసినందుకు ఆమెపై దాడి జరిగితే, ఉద్యోగమిచ్చిన ప్రభుత్వానికి బాధ్యత లేదా? ‘విశాఖ’, మరికొన్ని సంస్థలు వేసిన పిటిషన్‌పై 1997 ఆగస్టు 13న జస్టిస్ జె.ఎస్. వర్మ, జస్టిస్ సుజాతా మనోహర్, జస్టిస్ బి.ఎన్. కృపాల్ బెంచి తీర్పు ఇచ్చింది. పనిచోట లైంగిక వేధింపు సమానత్వ హక్కుకు, వృత్తి చేసుకునే స్వేచ్ఛకు, గౌరవంగా జీవించే హక్కుకు భంగమని చెప్పింది. 1993లో భారత్ ఆమోదించిన సీడా ఒడంబడికను ఆధారం చేసుకుని, పార్లమెంటు చట్టం చేసేదాకా పాటించాల్సిన మార్గదర్శకాలను కోర్టే రాసిచ్చింది. ‘విశాఖ’ అనగానే మన నగరం గుర్తొస్తుంది కానీ, ఇది ఆ సంస్థ పేరు. ఆ పేరు దేశమంతా తెలిసింది. కేసుకు మూలమైన స్త్రీకి మాత్రం అందులో దక్కింది ఏమీ లేదు.

పార్లమెంటు చట్టం చేయడానికి పదహారేళ్లు తీసుకుంది. ఢిల్లీ బస్సు ఘటన తర్వాత 2013లో రెండు చట్టాలు వచ్చాయి. ఒకటి నేర చట్ట సవరణ. దానికి ముందు నివేదిక ఇచ్చిన కమిటీకి అధ్యక్షుడు విశాఖ తీర్పు ఇచ్చిన ఆ వర్మే. అప్పటికి పదవీ విరమణ చేసి ఉన్న ఆయన 29 రోజుల్లో నివేదిక అందించారు. సమ్మతి అంటే మాటతోనో సైగతోనో స్పష్టంగా, స్వచ్ఛందంగా తెలిపే ఒప్పుకోలు అని, శారీరకంగా ప్రతిఘటించకపోవడాన్నే సమ్మతిగా తీసుకోరాదని చట్టంలోకి ఎక్కింది. మథుర తీర్పులోని తర్కాన్ని చట్టం పేరుపేరునా తోసిపుచ్చడానికి 35 ఏళ్లు పట్టిందన్నమాట. స్త్రీపై ‘నియంత్రణ లేదా ఆధిపత్యం’ గల స్థానంలో ఉండి అత్యాచారం చేయడం కూడా తీవ్ర నేరాల జాబితాలో చేరింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఇవి కొనసాగుతున్నాయి.

భార్య విషయంలో మాత్రం పాత సూత్రమే ఉంది. భార్య వయసు పద్దెనిమిది దాటితే భర్త బలవంతాన్ని అత్యాచారంగా చూడని మినహాయింపు న్యాయ సంహిత 63వ సెక్షన్‌లో అలాగే నిలిచింది. దీనిపై 2022 మేలో ఢిల్లీ హైకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు ఇచ్చారు. 2024 అక్టోబరులో కేంద్రం మినహాయింపును సమర్థిస్తూ సుప్రీంకోర్టులో అఫిడవిట్ వేసింది. నేర గణాంకాల సంస్థ లెక్కల్లో ఏటా తొంభై శాతానికి పైగా అత్యాచార కేసుల్లో నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. ఆ లెక్కల్లోకి కూడా రాని గది అది.

రెండోది పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం, వాడుకలో పోష్ చట్టం. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు సీనియర్ మహిళా ఉద్యోగి. సభ్యుల్లో సగమైనా స్త్రీలు, ఒకరు బయటి వ్యక్తి. ఘటన జరిగిన మూడు నెలల్లో ఫిర్యాదు ఇవ్వాలి. కారణం చూపితే మరో మూడు నెలలు పొడిగించవచ్చు. విచారణ 90 రోజుల్లో ముగించాలి. ఈలోగా ఆమె కోరితే బదిలీ గానీ, మూడు నెలల దాకా సెలవు గానీ ఇవ్వొచ్చు. ఆమె కోరితేనే రాజీ. డబ్బుతో రాజీ కుదరదు. కమిటీ వేయని యజమానికి యాభై వేల జరిమానా.

కాగితం మీద బాగానే ఉంది. కానీ కమిటీని నియమించేది యజమానే. అతను నియమించిన మనుషులే అతనికి కావలసినవాడి మీద విచారణ జరపాలి. పైగా దురుద్దేశంతో చేసిన ఫిర్యాదుకు శిక్ష ఉంటుందని 14వ సెక్షన్ చెబుతుంది. రుజువు చేయలేకపోవడమొక్కటే దురుద్దేశం కాదని అదే సెక్షన్‌లో ఉన్నా, ఆఫీసుల్లో చదివి వినిపించేది మొదటి సగమే. ఆరోపణ సంస్థ అధిపతి మీదే వస్తే పరిస్థితి ఏమిటో 2019లో సుప్రీంకోర్టులోనే కనిపించింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తిపై మాజీ మహిళా ఉద్యోగి ఫిర్యాదు చేశారు. ముగ్గురు న్యాయమూర్తుల అంతర్గత కమిటీ విచారించింది. న్యాయవాదిని వెంట ఉండనివ్వలేదంటూ ఆమె మధ్యలో తప్పుకున్నారు. ఆరోపణల్లో సారం లేదని కమిటీ తేల్చింది. నివేదిక బయటకు రాలేదు. తర్వాత ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకున్నారు.

యజమాని ఎవరో తెలియని చోట చట్టం ఇంకా తడబడుతుంది. సినిమా షూటింగ్ అందుకు మంచి ఉదాహరణ. కేరళ ప్రభుత్వం 2017లో వేసిన జస్టిస్ హేమ కమిటీ 2019 డిసెంబరులో నివేదిక ఇస్తే, అది కొన్ని పేజీలు తీసేసి బయటకు వచ్చింది 2024 ఆగస్టులో. అవకాశం ఇవ్వగలిగిన వాడి చేతిలో ఉండే అధికారం ఎలాంటిదో, జూనియర్ ఆర్టిస్టులకు మరుగుదొడ్డి లేకపోవడం దగ్గర్నుంచి అందులో ఉంది. 2018లో హైదరాబాద్ ఫిలిం చాంబర్ ముందు శ్రీరెడ్డి నిరసన తెలిపినప్పుడు తెలుగు పరిశ్రమ మొదట చేసింది ఆమెకు సభ్యత్వం ఇవ్వబోమని, ఆమెతో నటించొద్దని చెప్పడం. విమర్శలొచ్చాక ఆ మాట వెనక్కి తీసుకుంది. పరిశ్రమలో పరిస్థితులపై తెలంగాణలో వేసిన సబ్ కమిటీ నివేదికను బయటపెట్టాలని 2024లో సమంత కోరారు.

పదిమంది కంటే తక్కువ పనిచేసే చోట్లకు, యజమాని మీదే వచ్చే ఫిర్యాదులకు ప్రతి జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలి. దేశంలో ఎక్కువమంది ఆడవాళ్లు పనిచేసేది ఇలాంటి చోట్లే. పొలాల్లో, బీడీల పనిలో, దుకాణాల్లో, ఇళ్లలో. చట్టం వచ్చి పదేళ్లయినా అమలు దారుణంగా ఉందని 2023 మేలో సుప్రీంకోర్టు అంది. ప్రతి జిల్లాకు జిల్లా అధికారిని నియమించమని 2024 డిసెంబరులో మళ్లీ గడువు పెట్టింది. జిల్లా అధికారే లేకపోతే స్థానిక కమిటీని వేసేవారే ఉండరు.

ఇళ్లలో పనిచేసే వాళ్లకు ఇందులో ఇంకో మెలిక ఉంది. మిగతా ఉద్యోగుల ఫిర్యాదును కమిటీ విచారిస్తుంది. ఇంటి పనిమనిషి ఫిర్యాదులో ప్రాథమికంగా ఆధారం కనిపిస్తే, 11వ సెక్షన్ ప్రకారం స్థానిక కమిటీ దాన్ని ఏడు రోజుల్లో పోలీసులకు పంపాలి. అంటే మథురలాగా ఇంకొకరి ఇంట్లో పనిచేసి బతికే అమ్మాయికి ఈ చట్టం చూపించే దారి కూడా పోలీసు స్టేషన్‌కే వెళ్తుంది.