సోమరి పొయ్యి కథ

ఉగాది మరునాటి వర్షతొడకు సంగతి మన పావగడ సీమవారికి చెప్పనక్కరలేదు. పాత మైసూరు ప్రాంతములో ఆనాడు మాంసపు విందు చేయుట ఆచారము. బలసముద్రము వంటి తెలుగు పల్లెలు విడిచి వచ్చినను మనము ఆ ముచ్చట విడువలేదు. అమెరికా చేరిన మన పిల్లలును విడువలేదు. పెరటిలో పెట్టుకొను కొత్తరకపు బొగ్గుల పొయ్యిలలో ఏది కొనవలెనని వారు అడుగుచున్నారు. బొగ్గు తనంతట దిగునట; మాంసమును గంటలకొద్ది పొగలో మగ్గించవచ్చునట, చురుక్కున కాల్చనూ వచ్చునట. కొనుటకు ముందు దాని పుట్టుపూర్వోత్తరములు తెలిసికొనుట మంచిదని మా తలంపు.

కుంపటి అందరికి తెలిసినదే. బొగ్గు వేయుచుండవలెను, విసనకర్ర ఆడించుచుండవలెను. ఈ చాకిరి తప్పించుకొను ఉపాయము మధ్యయుగపు యూరపులో బంగారము చేయబూనిన రసవాదుల చేతికి చిక్కినది. వారికి రోజుల తరబడి ఒకే తీరు వేడి కావలెను. అందుకని పొయ్యి పైకి గొట్టమువలె ఒక గోపురము లేపి, నిండ బొగ్గు పోసి, మూత వేసిరి. అడుగు బొగ్గు బూడిద కాగానే పై బొగ్గు తన బరువుతో తానే దిగును. దీనికి అథనోర్ అని పేరు. ఇది అరబ్బీవారి ‘అల్ తన్నూర్’. మన హోటళ్ళ తందూరికి కూడ ఆ మాటే చుట్టము. కాపలా అక్కరలేదు గనుక దీనిని ‘సోమరి హెన్రీ’ అని కూడ పిలిచెడివారు. బంగారము పుట్టలేదు గాని పొయ్యి మిగిలినది.

రెండవ ప్రపంచ యుద్ధములో, 1941లో, మన దేశమున పెట్రోలు రేషను వచ్చినపుడు ఆ పొయ్యి బస్సు వెనుక ఎక్కినది. పెద్దలు చెప్పెడి బొగ్గు బస్సు ఇదే. నిలువు పీపా నిండ బొగ్గు, అడుగున నిప్పు. గాలిని కొంచెముగా పోనిచ్చిన బొగ్గు పూర్తిగా కాలక కార్బన్ మోనాక్సైడ్ అను వాయువు పుట్టును. ఇంజను దానిని పీల్చి నడచును. పెట్రోలు నాటి బలము రాదు. ముందుగా నిప్పు రాజేసి కాచుకొని ఉండవలెను. మా ఆనాటి ఆవిరి రైలింజనులలో మాత్రము ఫైర్‌మన్ పారపట్టి బొగ్గు వేయవలసి ఉండెడిది. రైల్వేలో సోమరితనమునకు తావు లేదు, గుమాస్తాల మాట వేరు!

ఇప్పటి పెరటి పొయ్యికి వత్తము. ప్రక్కన బొగ్గు గోపురము, దాని అడుగున మాత్రమే నిప్పు, గాలి కొలిచి ఊదు చిన్న కరెంటు పంకా. వేడి గొట్టము గుండా వంట పెట్టెలోనికి పోవును. జార్జియా రాష్ట్రములో స్టంప్స్ అనువారు మందపు గోడల నిలువు బీరువాలను ఈ పద్ధతిలోనే చేసిరి. అవి వేడిని బాగుగా నిలుపును. పొగ పట్టించుటకే గాని కాల్చుటకు కావు. అదే రాష్ట్రపు మాస్టర్‌బిల్ట్ కంపెనీ 2020లో 560 అను రకమును తెచ్చినది. వంట జాగా 560 చదరపు అంగుళములు. 225 డిగ్రీల ఫారన్‌హీటు మొదలు 700 వరకు పోవును. తరువాత 800, 1050 అనునవి వచ్చినవి.

మా మట్టుకు, ఒక సంసారమునకు 560 చాలును. తొడమాంసము రోజంతా పొగలో మగ్గించుటకు దీనిని మించినది లేదు. కాని కాల్చుట వేరు. దీనిలో కొవ్వు చుక్క కణికపై పడదు, ఆ చిటపట లేదు, ఆ వాసన లేదు. మేకతల, కాళ్ళు కాల్చుటకు కుంపటియే మేలు. అది సోమరి పని కానేకాదు. ఇంకొక మాట: పెద్ద బొగ్గుముక్కలు గోపురములో అడ్డుపడి దిగకపోవచ్చును, నడుమ తట్టవలెను. మూత తెరచి ఉంచిన నిప్పు పైకి ప్రాకును.

అన్నిటికన్న ముఖ్యము, బస్సును నడిపిన ఆ వాయువే ఈ పొయ్యిలోనూ పుట్టును. దానికి వాసన లేదు, రంగు లేదు. చలికని, వానయని దీనిని గరాజులోనికి తేరాదు. చల్లారినట్లు కనబడు బొగ్గునుండి కూడ అది వచ్చును. ఇక్కడ తలుపులు మూసి బాలింత గదిలో కుంపటి పెట్టువారికి కూడ ఇదే మాట. మూసిన గదిలో నిద్రించినవారు లేవకపోయిన ఉదంతములు కలవు.

ఇక బొగ్గు. మన మెట్టలమీద సర్కారు తుమ్మ బొగ్గే దొరకును. ఈ చెట్టు అమెరికా ఖండమునుండి తెచ్చినది. 1877లో కడప జిల్లా కమలాపురములో విత్తనములు నాటిరి. నేడు కంపయని తిట్టని రైతు లేడు. అయితే టెక్సాసువారు పొగకు ప్రియముగా వాడు మెస్కీట్ దీని జ్ఞాతియే! పిల్లలు డాలర్లు పోసి కొనునది దాయాది కంపయే యన్నమాట. పొయ్యి పంకాకు కరెంటు కావలెను గదా. తిరుమణి, బలసముద్రము మొదలగు అయిదు గ్రామముల రైతులు సుమారు 13,000 ఎకరములు కౌలుకీయగా, 2019 నాటికి 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ పార్కు పూర్తియైనది. వర్షతొడకుకు ఊరు పోయినవారు అక్కడ రెండు కుంపట్లు రాజేసి, మిగిలిన కణికలపై నీళ్ళు చల్లి గాని లోపలికి పోరాదు.