మందు మీద సుంకం

మన భాషలో 'మందు' అంటే ఔషధమూ, మద్యమూ కూడా. ఈ చిక్కు ప్రభుత్వానికీ తప్పలేదు.

రాజ్యాంగం ప్రకారం తాగే మద్యం మీద సుంకం రాష్ట్రాలది. ఆల్కహాలు కలిసిన ఔషధాల మీద సుంకాన్ని మాత్రం కేంద్రం నిర్ణయిస్తే రాష్ట్రాలు వసూలు చేసుకొనేవి. అందుకోసం 1955లో పార్లమెంటు ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది.

మన పెద్దవాళ్ళు వాడే ద్రాక్షారిష్టంలో ఆల్కహాలు ఎవరూ పొయ్యరు; పులిసినప్పుడు దానంతటదే పుడుతుంది. అటువంటి ఆయుర్వేద ఔషధాల్లో మద్యంలా తాగడానికి పనికిరానివాటికి సుంకం ఉండేది కాదు, పనికివచ్చేవాటికి ఉండేది. ఏది మందో, ఏది మద్యమో వైద్యుడే కాక ఎక్సైజు అధికారి కూడా తేల్చవలసి వచ్చింది.

2017 జులై 1న జి.ఎస్.టి. రావడంతో ఆ చట్టం రద్దయింది. 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా మందులపై పన్ను 5 శాతం; కొన్ని ప్రాణరక్షక ఔషధాలపై అసలు లేదు. మనం ఉంటున్న ఈ రువైస్‌లో 2018 నుంచి 5 శాతం వ్యాట్ ఉన్నా, ప్రభుత్వం వద్ద నమోదైన మందులపై అది సున్నా.

తాగుబోతు తప్పించుకుంటాడేమోనని రోగి చేత సుంకం కట్టించడం వైద్యులమైన మాకు న్యాయమనిపించదు. తాగేవాడు మద్యం మానుకోవచ్చు. రోగి మందు మానలేడు.