డ్వాక్రా పేరులో పిల్లలు కూడా ఉన్నారు



బాసరకు ఏడాది పొడుగునా పిల్లలను ఎత్తుకుని జనం వస్తనే ఉంటారు. జ్ఞాన సరస్వతమ్మ సన్నిధిలో అక్షరాభ్యాసం చేయించి, సంతోషంగా రైలెక్కి పోతారు. అయితే పలక పట్టే వయసు వచ్చేదాకా ఆ బిడ్డను ఎవరు సాకినారు? తల్లి పత్తి ఏరబోయిన రోజున ఎవరు బువ్వ పెట్టినారు? ఈ సంగతి ఎవరూ అడగరు. ఈ ఏటి నివేదికలో పొదుపు, అప్పు, వసూళ్ళ లెక్కలతో పాటు దీనికి కూడా కొంత చోటు ఇవ్వాలని అనుకున్నాం.

మన పేరుకు అర్థం

ఇప్పటికీ ఊళ్ళో మనల్ని డ్వాక్రా వాళ్ళనే పిలుస్తారు. ఆ పేరుకు అర్థం గ్రామీణ ప్రాంతాల్లో మహిళలు, పిల్లల అభివృద్ధి. 1982–83లో కేంద్ర ప్రభుత్వం యూనిసెఫ్ తోడ్పాటుతో దేశంలో 50 జిల్లాల్లో ఈ పథకాన్ని ప్రయోగంగా మొదలుపెట్టింది. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో మొదట తీసుకున్నవి మూడే జిల్లాలు: శ్రీకాకుళం, కడప, మన ఆదిలాబాద్. బాసర అప్పుడు ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. 2016లో నిర్మల్ జిల్లా అయింది.

1999లో డ్వాక్రా వేరే పథకంలో కలిసిపోయింది. 2000లో వెలుగు వచ్చింది. దాని మొదటి ఆరు జిల్లాల్లో కూడా ఆదిలాబాద్ ఉంది. గ్రామ సంఘాలు, మండల సమాఖ్యలు గట్టిపడ్డాయి. బ్యాంకు మెట్లెక్కని ఆడవాళ్ళు లక్షల అప్పు తెచ్చి తీర్చినారు. ఇది గర్వంగా చెప్పుకోవలసిన ముచ్చటే. కానీ మన పుస్తకాల్లో పొదుపుకు గడి ఉంది, వడ్డీకి గడి ఉంది, పిల్లలకు గడి లేదు. పేరులో ఉన్న పిల్లలు లెక్కల్లోకి రాలేదు.

ఎవరు చూసినారు?

గోండు గూడెమైనా, కోలాం గూడెమైనా, నాయక్‌పోడు వాడైనా, లంబాడా తండా అయినా పసిపిల్లలను చూసినది ఇంటి దగ్గర ఉన్న మనిషే. ముసలవ్వ ఉంటే అవ్వ చూసింది. అవ్వ లేకుంటే ఏడెనిమిదేండ్ల అక్క చూసింది. మనలో చాలామందిమి తమ్ముణ్ణో చెల్లెనో చంకనేసుకుని బడి తప్పినవాళ్ళమే. ఒక పిల్ల కడుపు నింపడానికి ఇంకో పిల్ల చదువు పోయింది. ఈ అప్పును ఏ బ్యాంకూ రాసుకోలేదు.

సర్కారు చూపు మొదట బడి పిల్లల మీద పడింది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడైన తర్వాత, గిరిజనుల గోస తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్‌ను పంపింది. ఆయన చొరవతో 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. గూడెం మనిషినే పంతులుగా తయారుచేసి, పిల్లలకు వాళ్ళ మాటలోనే చదువు చెప్పించాలన్నది అక్కడి పద్ధతి. ఆ పాఠం పసిపిల్లలకు ఇంకా ఎక్కువ పనికొస్తుంది. రెండేండ్ల బిడ్డకు ఆకలి వేస్తే ఇంటి భాషలోనే ఏడుస్తుంది. ఆ భాష తెలిసిన మనిషే దగ్గర ఉండాలి.

1975 అక్టోబర్ 2న దేశంలో 33 ప్రాజెక్టులతో ఐసీడీఎస్ మొదలైంది. అంగన్వాడీలు వచ్చినాయి. 2015 జనవరి 1 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు ఒక పూట సంపూర్ణ భోజనం అక్కడే పెడుతున్నారు. మూడేండ్లు నిండిన పిల్లలకు ఆటపాటలు, బువ్వ ఉన్నాయి. మూడేండ్ల లోపు వాళ్ళకు మాత్రం బాలామృతం ప్యాకెట్ ఇంటికిస్తారు. ప్యాకెట్ ఇంటికి చేరుతుంది. కలిపి, ఓపికగా తినిపించే తల్లి చేనులో ఉంటుంది. చిక్కు ఇక్కడే ఉంది.

కిందికి, నిర్మల్, నిజామాబాద్, కరీంనగర్ వైపు వస్తే బీడీలు చుట్టే ఇండ్లు. 1966 నాటి బీడీ కార్మికుల చట్టంలో పిల్లల గది గురించి రాసి ఉండేది. కానీ అది చాలామంది ఆడవాళ్ళు ఒక్కచోట పనిచేసే కార్ఖానాలకు. మనం చుట్టేది ఇంటి అరుగు మీద. ఒడిలో చాట, పక్కన తొట్టెల. చట్టం ఆ అరుగు దాకా రాలేదు.

2005 నాటి ఉపాధి హామీ చట్టం ఒక మంచి మాట రాసింది. పని చోటికి ఆరేండ్ల లోపు పిల్లలు ఐదుగురు, అంతకంటే ఎక్కువ వస్తే, కూలీల్లో ఒక ఆడమనిషిని పిల్లలను చూసేందుకు పెట్టాలి, ఆమెకూ అందరితో సమానంగా కూలి ఇవ్వాలి అని. పిల్లలను చూసుడు కూడా పనే, దానికీ కూలి ఉంది అని చట్టం ఒప్పుకున్నది. మన్ను తవ్వే చోట పనైనది గూడెంలో పని కాకుండా పోతుందా?

మనం చేసి చూసినదే

ఇది మన చేత కాని పనేమీ కాదు. 2007 నుంచి గ్రామ సంఘాలు పోషకాహార కేంద్రాలు నడిపినాయి. గర్భిణులు, బాలింతలు, చిన్నపిల్లలు అక్కడే తినేవాళ్ళు. వండిపెట్టేది సంఘం మనిషే. ఖర్చులో కొంత తినేవాళ్ళే వాయిదాల మీద కట్టేవాళ్ళు. పథకాలు మారినాయి, ఆ కేంద్రాలు పోయినాయి. నడిపిన చేతులు మాత్రం ఇంకా మన సంఘాల్లోనే ఉన్నాయి.

మన పక్క రాష్ట్రం ఛత్తీస్‌గఢ్‌లోనూ గోండులు ఉన్నారు. అక్కడ బిలాస్‌పూర్ వైపు అడవి గ్రామాల్లో జన్ స్వాస్థ్య సహయోగ్ అనే సంస్థ ఫుల్వారీలు పెట్టింది. ఫుల్వారీ అంటే పూలతోట. ఆరు నెలల నుంచి మూడేండ్ల దాకా పిల్లలను, తల్లి పనికి పోయి వచ్చేదాకా, ఆ ఊరి ఆడమనిషే చూస్తుంది, వేళకు తినిపిస్తుంది. తర్వాత సర్గుజా జిల్లాలో ప్రభుత్వమే ఆ దారి పట్టింది. గుజరాత్‌లో సెవా సంఘం ఆడవాళ్ళయితే పిల్లలను చూసేవాళ్ళతోనే సహకార సంఘం కట్టించినారు.

మా మాట

గ్రామ సంఘాల ముందు మూడు మాటలు పెడుతున్నాం.

ఒకటి: ప్రతి గూడెంలో, తండాలో పనికాలంలో పిల్లలు ఎవరి ఇంట్లో ఉంటున్నారో నెల సమావేశంలో రాసుకోవాలి. ఆ అవ్వ పేరు, ఆమె దగ్గర ఎంతమంది ఉంటారో, తాగే నీళ్ళు ఎట్లున్నాయో, పొయ్యి పిల్లలకు అందేటట్టు ఉందో చూడాలి.

రెండు: ఆమె పనికి ఎంతో కొంత కట్టివ్వాలి. డబ్బయినా సరే, జొన్నలు, పప్పయినా సరే. ఊరికే చేయించుకుంటే ఏ మంచి పనీ నాలుగు కాలాలు నిలవదు.

మూడు: అంగన్వాడీ టీచరమ్మను, ఆశా అక్కను ఆ ఇంటికి తీసుకుపోవాలి. బరువు చూసుడు, టీకాలు అక్కడి పిల్లలకు తప్పిపోకుండా చూసుకోవాలి. మనం అంగన్వాడీకి పోటీ కాదు. అంగన్వాడీ చేయి అందని చోట మన చేయి కలుపుతున్నాం.

వచ్చే ఏటి నివేదికలో పొదుపు లెక్క పక్కన ఈ అవ్వల లెక్క కూడా ఉండాలని మా కోరిక. అప్పుడు గాని డ్వాక్రా అన్న పేరు మనకు పూర్తిగా చెల్లదు.