కథ కంచికి వెళ్ళకపోతే?

కథ అయిపోగానే దాన్ని కంచికి పంపి మనం ఇంటికి వెళ్ళడం మన ఆచారం. కానీ మనసుకి పట్టిన నాయికానాయకుల్ని అంత తేలిగ్గా ఎవరూ సాగనంపలేరు. వారపత్రికల సీరియల్స్ మధ్య పెరిగినవాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. యద్దనపూడి సులోచనారాణి గారి ‘సెక్రటరీ’ చదివి ఎన్నేళ్ళయినా, జయంతి, రాజశేఖరం మా వీధిలోనే కాపురం ఉన్నట్టు మా అమ్మా, పిన్నీ మాట్లాడుకునేవారు. యండమూరి వీరేంద్రనాథ్ గారి ‘తులసిదళం’ చదివినవాళ్ళు దాని తరువాయి ‘తులసి’ కోసం ఎగబడ్డారు. ఆ తర్వాత రెండింటిలో ఏది గొప్పదని వాదించుకున్నారు. నచ్చిన కథకి రెండో భాగం కావాలనేదీ మనమే, వచ్చాక పెదవి విరిచేదీ మనమే!

మనం స్థిరపడిన ఈ కెనడాలో ప్రేమకథల వ్యాపారానికి పెద్ద చరిత్రే ఉంది. 1949లో విన్నిపెగ్‌లో పుట్టిన హార్లెక్విన్ సంస్థ, 1957 నుంచి ఇంగ్లండులోని మిల్స్ అండ్ బూన్ వారి డాక్టరు, నర్సుల ప్రేమ నవలలు తిరిగి అచ్చువేసి పైకొచ్చింది. 1971లో ఆ మిల్స్ అండ్ బూన్‌నే కొనేసింది. (రాత్రి డ్యూటీల్లో ఆ నవలల్లోని డాక్టర్లకి దొరికినంత తీరిక నాకెప్పుడూ దొరకలేదని మనవి.) ఇలాంటి నవలల్లో సాధారణంగా ప్రతి పుస్తకంలోనూ కొత్త జంట, ఆఖరి పేజీకల్లా శుభం. ఆ తర్వాత ఏమైందన్న బెంగ ఉండదు.

ఆ బెంగతో ముప్ఫై ఏళ్ళు వేగిన రచయిత్రి ఇంకొకరున్నారు. ఆవిడ లూసీ మాడ్ మాంట్‌గొమరీ. మన పిల్లల్లో చాలామంది చదివే ‘ఆన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్’ 1908లో బోస్టన్‌లోని పేజ్ కంపెనీ ద్వారా వెలువడింది. ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలండ్‌లో పొలం పనికి మగపిల్లవాడు కావాలనుకున్న అన్నాచెల్లెళ్ళ ఇంటికి, పొరపాటున ఎర్రజుట్టు అనాథ పిల్ల ఆన్ వస్తుంది. తన జుట్టుని వెక్కిరించిన గిల్బర్ట్ నెత్తిన పలక విరగ్గొడుతుంది. పుస్తకం చివర ఇద్దరికీ స్నేహం కుదురుతుంది. అంతే, వీళ్ళకి పెళ్ళెప్పుడు అని పాఠకులు పట్టుకున్నారు.

మొదటి పుస్తకం అచ్చు కాకముందే ప్రచురణకర్తలు రెండోది రాయమన్నారు. ఆన్‌ని కాలేజీ దాకా లాక్కెళ్ళమంటారేమోనన్న తలపుకే మాంట్‌గొమరీకి వెగటు పుట్టింది. ఆ మాట ఒక మిత్రుడికి ఉత్తరంలో రాసుకున్నారు కూడా. అయినా 1909లో ‘ఆన్ ఆఫ్ అవోన్లీ’, 1915లో ‘ఆన్ ఆఫ్ ది ఐలండ్’ రాయక తప్పలేదు. ప్రచురణకర్తలతో గొడవలు ముదిరి ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. 1919లో పాత పుస్తకాల హక్కులు వాళ్ళకే అమ్మేయడంతో, ఆ ఏడూ, తర్వాత 1934లోనూ వచ్చిన సినిమాల వల్ల ఆవిడకి పైసా రాలేదు.

ఇక నిరుత్సాహపరిచే భాగాల సంగతి. 1921 తర్వాత ఆన్ కథ ముగిసిందనుకున్న రచయిత్రి, ఆర్థికమాంద్యంలో డబ్బు నష్టపోయి, 1934 సినిమా విజయం తర్వాత మళ్ళీ ఆన్ దగ్గరికి వచ్చారు. 1936 నాటి ‘విండీ పాప్లర్స్’ చాలావరకు గిల్బర్ట్‌కి ఆన్ రాసే ఉత్తరాలే. తీరా ప్రేమ కబుర్లు వచ్చేచోట ఇన్ని పేజీలు వదిలేశాం అని ఉంటుంది! పైగా వాళ్ళ పెళ్ళి జరిగిన పుస్తకం 1917లోనే వచ్చేసింది గనుక ఉత్కంఠ ఏముంటుంది? కథాక్రమంలో చదివితే ఇది నాలుగోదిగా ఎదురొస్తుంది. మా అమ్మాయి అక్కడే ఆగిపోయింది. నా సలహా ఒకటే: అచ్చయిన క్రమంలో చదవండి. 1936, 1939 నాటి పుస్తకాలు చివరికి మిగిలిపోతాయి, ఓపిక ఉంటే చదవచ్చు, లేకపోతే లేదు.

అలా చదివితే ‘ఆన్స్ హౌస్ ఆఫ్ డ్రీమ్స్’ ముందే చేతికొస్తుంది. అందులో ఆన్ తొలిచూలు బిడ్డ పుట్టిన రోజే పోతుంది. మాంట్‌గొమరీ 1914 ఆగస్టులో, టొరంటోకి ఈశాన్యాన లీస్క్‌డేల్ గ్రామంలో చర్చి ఫాదిరీ భార్యగా ఉన్న రోజుల్లో, మృతశిశువుని కన్నారు. ఆ దుఃఖం పుస్తకంలోకి వచ్చింది. 1921 నాటి ‘రిల్లా ఆఫ్ ఇంగిల్‌సైడ్’లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. ఆన్ కొడుకు వాల్టర్ 1916లో కోర్సెలెట్ యుద్ధంలో చనిపోతాడు. అడిగారని రాసినదానికీ, తన కష్టం చెప్పుకోవాలని రాసినదానికీ తేడా ఇక్కడ తెలుస్తుంది.

ఈ రిల్లా ఆన్ చిన్నకూతురు. తల్లి పట్టుదలగా చదివి బి.ఏ. తెచ్చుకుంది. కూతురికి కాలేజీ మీద ధ్యాసే లేదు, సరదాగా గడిస్తే చాలంటుంది. మనలాంటి డాక్టర్ల, ఇంజనీర్ల ఇళ్ళలో అయితే ఎంత రభస! అలాంటి పిల్ల, యుద్ధం రాగానే తల్లిలేని పసికందుని సూపు గిన్నెలో పెట్టుకుని ఇంటికి తెచ్చి పెంచుతుంది. తల్లి కథని మళ్ళీ నడపకుండా తన కథ తను నడుపుకుంది గనుకనే ఆ భాగం నిలిచింది.

సముద్రాలు దాటివచ్చిన మన కథకి రెండో భాగం మన పిల్లలు. అందులో మన కథే మళ్ళీ కనబడాలని పట్టుబడితే నిరాశ తప్పదు. వాళ్ళ పుస్తకాన్ని వాళ్ళ పుస్తకంగానే చదువుదాం.