కంభము చెఱువు - తటాకనిర్మాణవిద్య

పశ్చిమ ప్రకాశమున మార్కాపురము, గిద్దలూరు, చంద్రశేఖరపుర ప్రాంతములు మెట్టసీమలు. నల్లమల, వెలిగొండల వరుసలు ఈ సీమయందు వ్యాపించియున్నవి. వాన కురిసిన దినముల కొండవాగులు పొంగి పాఱును. కాని యా నీరు నిలువదు. ఱాతిపని ఈ సీమకు క్రొత్తది కాదు. చంద్రశేఖరపురమునకు చేరువనున్న భైరవకోనయందు కొండను తొలిచి ఎనిమిది గుహాలయములను పూర్వులు నిర్మించిరి. కొండను తొలుచుటకంటె కష్టమైన పని, కొండల నడుమ ఏటిని నిలుపుట, కంభమున జరిగినది. ఆ చెఱువును గూర్చి జనులు కథలు చెప్పుకొందురు. దానిని కట్టిన విద్య యెట్టిదో విచారింపదగియున్నది.

తెలుగున గండి యను మాటకు రెండర్థములు ప్రసిద్ధములు. ఏఱు కొండలను కోసికొని పోయిన ఇఱుకుత్రోవ గండి. చెఱువుకట్ట తెగి నీరు పోవు చోటును గండియే. మొదటి గండిని మూయువాడు రెండవ గండి పడకుండ కాచుకొనవలెను. తటాకనిర్మాత యెదుర్కొను చిక్కంతయు ఈ రెండర్థముల నడుమ నున్నది.

గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి తూర్పు సముద్రమున కలియు నది. కంభము నొద్ద అది కొండల నడిమి గండిలో ప్రవేశించును. ఆ గండికి అడ్డముగా 57 అడుగుల యెత్తున కట్ట వేయుటచే, సుమారు 7 కిలోమీటర్ల పొడవును, సగటున 3.5 కిలోమీటర్ల వెడల్పును గల జలాశయ మేర్పడినది. చెఱువు విస్తారమునకు కట్ట చిన్నది. తక్కిన గోడలను కొండలే యిచ్చినవి.

ఈ విద్య కంభమున అకస్మాత్తుగ పుట్టినది కాదు. దానికి దక్షిణమున, కడపసీమయందు, పోరుమామిళ్ల చెఱువు కలదు. దానిని విజయనగర ప్రభువగు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించెను. శక సంవత్సరము 1291, అనగా క్రీ.శ. 1369 నాటి సంస్కృత శాసన మచ్చట నున్నది. ప్రతిదినము వేయిమంది పనివారును, ఱాళ్లు తెచ్చుటకు నూఱు బండ్లును వినియోగింపగా, రెండు సంవత్సరములకు పని ముగిసెనని యది తెలుపుచున్నది. అంతకంటె విలువైన విషయ మొకటి యందు గలదు. ఉత్తమ తటాకమునకు పండ్రెండు సాధనములు కావలెననియు, ఆఱు దోషములు కూడవనియు శాసనకర్త చెప్పినాడు. ధర్మమును ధనమును గలిగి కీర్తి గోరు రాజు, జలశాస్త్ర మెఱిగిన బ్రాహ్మణుడు, గట్టి బంకమన్ను గల నేల, తియ్యని నీటి నది, చెఱువును తాకియున్న కొండ, ఆ కొండల నడుమ మిక్కిలి పొడవు కాక దృఢమైన ఱాతికట్ట, విశాలమును లోతును గల గర్భము, నిడుపైన ఱాళ్లు దొరకు గని, సమమైన పంటపొలములు, నిర్మాణమున నేర్పరులగు పనివారు - ఇవి సాధనములలో ముఖ్యములు. కట్టనుండి నీరూరుట, చవిటినేల, రెండు రాజ్యముల పొలిమేరయందుండుట, చెఱువు నడుమ తాబేటి వీపువంటి మిట్ట, నీరు స్వల్పమై భూమి యధికమగుట, భూమి స్వల్పమై నీ రధికమగుట - ఇవి దోషములు.

ఈ లక్షణములతో కంభము చెఱువును పోల్చి చూచినచో దాని నిర్మాతల వివేకము తెలియును. కొండలు, పొట్టికట్ట, విశాలగర్భము కంటి యెదుటనే యున్నవి. లెక్కకు మాత్రమే తెలియున దొకటి కలదు. ఈ చెఱువునకు నీరు చేర్చు పరీవాహప్రదేశము 430 చదరపు మైళ్లు, అనగా సుమారు 2,75,000 ఎకరములు. ఆయకట్టు సుమారు 10,300 ఎకరములు. కాబట్టి తడియు ఒక్కొక్క యెకరమునకు ఇరువదియాఱు ఎకరములకు పైబడిన నేలమీది వాన ఆధారము. వాన తక్కువైన సీమలో నీరు చాలని చెఱువు వ్యర్థము. శాసనము చెప్పిన ఐదవ దోషమును కంభము నిర్మాతలు తప్పించుకొన్న విధ మిది.

ఇట్టి పనులు సులభసాధ్యములు కావు. కృష్ణదేవరాయల కాలమున విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, రాయలు రెండు కొండల ముఖమున కట్టించుచున్న యొక చెఱువును వర్ణించినాడు. అచ్చట పదునైదు ఇరువది వేలమంది చీమలవలె పనిచేయుచుండిరనియు, ఆ కట్ట రెండు మూడు మాఱులు తెగెననియు వ్రాసినాడు. రాజధానియందే, రాజు కన్నుల యెదుటనే, గండి పడినది. దానిని తలచినపుడే కంభమునందలి కట్ట విలువ బోధపడును.

ఈ చెఱువును కట్టించినది గజపతిపుత్రికయు, కృష్ణదేవరాయల భార్యయు నగు వరదరాజమ్మ యని ప్రతీతి. ఆ రాజపుత్రికకు తుక్క, జగన్మోహిని, భద్ర యను నామములును వాడుకలో నున్నవి. తుక్కాపంచక మను ఐదు సంస్కృతశ్లోకములు ఆమెవే యందురు. రాయలు ఉపేక్షింపగా ఆమె కంభమున ఏకాంతముగ కాలము గడపెనని కథ. ఈ కథను చెఱువుతో చేర్చి చూచిన నొక సందేహము కలుగును. పోరుమామిళ్ల శాసనము ప్రకారము ఇట్టి పనికి మొదట కావలసినది రాజు ధనము, కడపట కావలసినది నేర్పరులగు పనివారు. దిక్కులేని యువతికి ఈ రెండును లభింపవు. కట్టించిన దామెయే యైనచో రాజ్యబలము ఆమె వెనుక నుండియుండవలెను.

మఱియొక విషయమును గమనింపవలెను. ఉదయగిరి గజపతుల చేతనున్నంతకాలము ఈ సీమ రెండు రాజ్యముల పోరునకు చేరువది. రాయలు 1514లో ఉదయగిరిని, 1515లో కొండవీటిని గెలిచెను. తరువాత సంధియు, వివాహమును జరిగినవి. శాసనము చెప్పిన మూడవ దోషము అట్లు తొలగెను. ప్రతీతియే నిజమైనచో, పొలిమేర తొలగించిన వివాహమే చెఱువునకును దారి యిచ్చినదని తలపవచ్చును. దేశము చిన్నదైనను చెఱువులు కాలువలు కల్పించి, పేదరైతుపై పన్ను తగ్గించినచో అర్థము వృద్ధియగునని ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసమున రాయలే చెప్పియుండుట ఇందులకు తోడు.

2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘము కంభము చెఱువును, పోరుమామిళ్ల చెఱువును వారసత్వ నిర్మాణములుగ గుర్తించెను. ఆ పాతవిద్య నేటికిని ముగియలేదు. వెలిగొండ ప్రాజెక్టునందు సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల అను మూడు గండ్లను మూసి, 53.85 టీఎంసీల నల్లమలసాగరమును సంకల్పించిరి. భైరవకోనయందు వలె కొండనే తొలిచి, 18.8 కిలోమీటర్ల జంట సొరంగముల గుండ కృష్ణాజలమును దానికి తెచ్చుట ఏర్పాటు. 2024 మార్చి 6వ తేదీన ఆ సొరంగములను ప్రారంభించిరి. గండి మూయుట రెండింటికిని సామాన్యము, భేదము నీటియందున్నది. కంభము నిర్మాతలు తమ సీమయందు కురియు వానను కొలిచి, దానికి తగిన చెఱువును కట్టిరి. వాన తప్పిన యేడు ఆ చెఱువు ఎండును. అది కట్ట దోషము కాదు. ఆ లోపమును దూరపు నదితో పూరించుట ఈ తరము వారి ప్రయత్నము.