వాదీ మూసా నుంచి మూసీ దాకా

నానా ఇంతెకాల్ అయిన రాత్రి అబ్బా మమ్మల్ని కట్టలేరు దాటనివ్వలేదు. తిరువూరులో చినుకు లేదు, పైన చుక్కలు మెరుస్తున్నాయి. చప్టా మీద నీళ్లు మోకాలి లోతు కూడా లేవు. "పైన ఎక్కడో వాన పడింది, నీళ్ల రంగు చూడండి" అని ఒడ్డునే కూర్చున్నారు. మేం చేరేసరికి నానాకు మట్టి ఇచ్చేశారు. అబ్బా మీద ఆ గుస్సా నాకు ఏళ్లతరబడి పోలేదు.

మొన్న పెట్రా తారీఖ్ చదువుతుంటే ఆ రాత్రి యాదికొచ్చింది.

జోర్డాన్‌లో రెండు వేల ఏళ్ల కిందట నబతీ అరబ్బులు కొండలు తొలిచి కట్టుకున్న షహర్ పెట్రా. లోపలికి దారి 'సీఖ్' అనే సన్నటి సందు. పొడవు కిలోమీటరు పైనే, కొన్నిచోట్ల వెడల్పు మూడు మీటర్లే. మన గండికోట దగ్గర పెన్నా చీల్చిన లోయ విశాలమైంది. ఇది మా గల్లీ అంత. రెండువైపులా గులాబీరంగు రాతిగోడలు, పైన పట్టీలా ఆస్మాన్. సందు దాటగానే కొండలో చెక్కిన 'ఖజ్నా' కనిపిస్తుంది. మన ఖజానా మాటే అది.

ఈ ఖూబ్‌సూరతీలోనే ఖతరా ఉంది. రేగిస్తాన్‌లో వాన అరుదు, పడితే బండనేల పీల్చుకోదు. చుట్టుపక్కల నీళ్లన్నీ సందులోకి దూరి, పరుచుకునే చోటు లేక పైకి లేస్తాయి. తలమీద ఎండ కాస్తుండగానే సైలాబ్ వచ్చేస్తుంది. 1997 ఆగస్టు 12న అమెరికాలోని యాంటిలోప్ లోయలో అలాగే 11 మంది పోయారు. వాన పడింది మైళ్ల అవతల.

నబతీయులకు ఇది తెలుసు. సీఖ్ మొదట్లో కట్ట వేసి, కొండలో సొరంగం తొలిచి, వాదీ మూసా వరదను పక్కకు మళ్లించారు. షహర్ ఉజాడ్ అయ్యాక ఆ కట్టను పట్టించుకునేవాళ్లు లేకపోయారు. 1963 ఏప్రిల్‌లో వరద సీఖ్‌లోకి దూకి ఇరవై మందికి పైగా ముసాఫిర్లను బలి తీసుకుంది. వాళ్లలో ఎక్కువమంది ఫ్రాన్స్ వాళ్లు. ఆ తర్వాతే కొత్త కట్ట కట్టారు, దాదాపు పాతది ఉన్నచోటే.

మన మూసీ కథ కూడా ఇంతే. 1908 సెప్టెంబరు 28న హైదరాబాద్‌లో వేలమంది జాన్ పోయాకే విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ ఆ తర్వాత వచ్చాయి.

అబ్బా ఇప్పుడు లేరు. ఇదంతా అమ్మీకి చదివి వినిపించాను. చాలాసేపు ఖామోష్‌గా ఉండి, "ఆ రాత్రి నీ తమ్ముడు నా ఒళ్లో ఉన్నాడు బేటా" అంది.

వానాకాలం వచ్చింది. చప్టా దగ్గర ఆస్మాన్‌ను చూసి బండి దించకండి. నీళ్లు ఎర్రగా తిరిగాయంటే ఆగిపోండి. మనం ఆలస్యమైతే ఎవరో గుస్సా అవుతారు, కానివ్వండి.